వియత్నాం వెళ్లే ముందు కెరమెరి ఘాట్ ఎక్కాం

వియత్నాం వెళ్లాలన్న ఆలోచన గంగాధర్‌ది. పోయినేడు వానాకాలం, నాట్లు అయిపోయాక ఒక ఆదివారం, చొప్పదండి దగ్గర వాళ్ల పొలం గట్టు మీద కూర్చుని ఉన్నప్పుడు ఆ మాట అన్నాడు. అతను షార్జాలో పద్నాలుగేళ్లు ట్రైలర్ నడిపి, రెండేళ్ల కింద ఇంటికి వచ్చేశాడు. కంపెనీ బంద్ అయిందని చెప్పాడు. మేం నమ్మాం. "పద్నాలుగేండ్లు ఫారిన్ల ఉండొచ్చిండు అంటరు అందరు. నేనేం చూసిన్రా ఆడ? రోడ్డు చూసిన, రూము చూసిన. ఒక్కసారన్న ఉత్తగ చూసుడు కోసమే పోవాలె," అంటూ ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. వరి పొలాల మధ్య సన్నటి దారి, ఆ దారిలో సైకిళ్ల మీద నలుగురైదుగురు. "గా నాటు జూడు, అచ్చం మన తీర్గనే ఏస్తున్నరు. గా తొవ్వల మనం ముగ్గురం సైకిళ్ల మీద పోవాలె."

ముగ్గురం అంటే కరీంనగర్‌లో ఇంటర్ కలిసి చదివినవాళ్లం. నా పేరు తిరుపతి. పెద్దపల్లి దగ్గర ఒక సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మూడోవాడు సదానందం, మందమర్రిలో భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్. నలభై నాలుగేళ్లు వచ్చాక మళ్లీ స్నేహితులతో కలిసి ఏదైనా చెయ్యాలనిపించడం ఒక అదృష్టం అనుకున్నాను. వారం తిరక్కుండానే ముగ్గురి పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు తెరిచాను.

విదేశంలో సైకిల్ యాత్ర చెయ్యాలనుకుని ఈ బ్లాగుకు వచ్చినవాళ్ల కోసం మేం వేసుకున్న పథకం చెబుతాను. మధ్య వియత్నాంలో హుయే నుంచి దా నాంగ్ మీదుగా హోయ్ ఆన్ దాకా, తీరిగ్గా తొక్కితే నాలుగు రోజులు. మధ్యలో హై వాన్ అనే కనుమ, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఫిబ్రవరి నెల మేలని చదివాం. హైదరాబాద్ నుంచి ఒక చోట విమానం మారి వెళ్తే, ముందుగా తీసుకుంటే, రానూపోనూ మనిషికి నలభై వేల లోపు పడుతుంది. వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. సైకిళ్లు అక్కడే కిరాయికి దొరుకుతాయి. పాస్‌పోర్టులు, వీసా ఫోటోలు, ప్రయాణ బీమా కాగితాలు నేనే చూసుకున్నాను. బీమా ఫారంలో ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా అని ఒక గడి ఉంటుంది. గంగాధర్‌కు ఫోన్ చేసి, "షుగరు, బీపీ ఏమన్న ఉన్నయారా?" అని అడిగాను. "ఏం లెవ్వు. లేదని రాయ్," అన్నాడు. రాసేశాను.

సాధన కోసం డిసెంబర్ మొదటి వారంలో నాలుగు రోజులు పెట్టుకున్నాం. పెద్దపల్లి నుంచి మంచిర్యాల, మందమర్రి, ఆసిఫాబాద్, ఉట్నూరు మీదుగా ఆదిలాబాద్. దారిలో కెరమెరి ఘాట్ ఉంటుంది. "గీ ఘాట్ ఎక్కకపోతే గా హై వాన్ ఏమెక్కుతం? టికెట్లు గిది ఎక్కినంకనే," అని సదానందం తేల్చేశాడు. అందుకే విమానం టికెట్లు ఇంకా తీసుకోలేదు. ముగ్గురం హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ గేరు సైకిళ్లు కొన్నాం. గంగాధర్ పొలం పని మధ్య రోజూ ఇరవై కిలోమీటర్లు తొక్కుతున్నానని గ్రూపులో ఫోటోలు పెట్టేవాడు. అన్నీ మిట్టమధ్యాహ్నం తీసినవే. ఆ సంగతి నాకు చాలా తర్వాత, ఆ ఫోటోలు మళ్లీ తిరగేసినప్పుడు తట్టింది.

మొదటి రోజు పొద్దున్న ఐదింటికి బయలుదేరాలని నా లెక్క. గంగాధర్ ఒప్పుకోలేదు. "మంచు పడుతది, లారీలు కనవడయ్. మంచిగ తెల్లారినంకనే పోదాం," అన్నాడు. ఏడు కావస్తుండగా పెద్దపల్లి బస్టాండు ముందు నుంచి కదిలాం. రాజీవ్ రహదారి మీద లారీల రద్దీ ఎక్కువ, కానీ అంచు బాగుంటుంది. సదానందం ముందు, గంగాధర్ మధ్య, నేను వెనక. ఈ వరస ఎవరూ మాట్లాడుకుని పెట్టుకున్నది కాదు. నేను ముందుకు వెళ్తే గంగాధర్ నా వెనక చేరేవాడు, సదానందం వెళ్తే అతని వెనక. గనిలో వేసుకునే రకం మెరిసే పట్టీల చొక్కా సదానందం వేసుకున్నాడు. గంగాధర్ దాని మీద నుంచి చూపు తిప్పకుండా తొక్కేవాడు. గాలి తగలకుండా మా చాటున వస్తున్నాడని నేను ఒకసారి ఎగతాళి చేశాను. నవ్వాడు.

గోదావరిఖనిలో ఇడ్లీలు తిని, గోదావరి వంతెన దాటి, మంచిర్యాలలో నిమ్మసోడా తాగి, ఒంటిగంట లోపు మందమర్రి చేరుకున్నాం. మొత్తం అరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. కార్మికుల కాలనీలో సదానందం క్వార్టర్. ఎండలోంచి ఆ ముందు గదిలోకి అడుగుపెట్టగానే గంగాధర్ మంచానికి మోకాలు కొట్టుకున్నాడు. మంచం పక్కన నీళ్లు పెట్టిన స్టీలు చెంబును తన్నేశాడు. సదానందం భార్య సరోజన గాబరాపడి, "అయ్యో అన్నా, దెబ్బ తాకిందా?" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఏందిరా, తొవ్వల మాకు తెల్వకుంట మందేసినవా?" అన్నాడు సదానందం. పగలబడి నవ్వాం. గంగాధర్ కూడా నవ్వి, గోడను తడుముకుంటూ వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఆ తడుముకోవడం నేను చూశాను. ఎండలోంచి వస్తే ఎవరికైనా క్షణం చీకట్లు కమ్ముతాయి కదా అనుకున్నాను.

రెండో రోజు మందమర్రి నుంచి బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్. యాభై పైచిలుకు కిలోమీటర్లే కానీ ఎదురుగాలి. రెబ్బెన దాటాక పక్క దారిలోంచి ఒక మోటర్‌సైకిల్ మెల్లగా రోడ్డెక్కింది. నేను దాన్ని చాలా ముందే చూశాను. గంగాధర్ ఆగలేదు. ఆ మోటర్‌సైకిల్ అతనే కాలు కింద పెట్టి ఆగిపోయి, "ఏయ్, కండ్లు కనవడ్తలెవ్వా?" అని అరిచాడు. ఇలాంటి మాటలు రోడ్డు మీద రోజుకు పది వింటాం. గంగాధర్ చెయ్యెత్తి మాఫీ అడిగాడు. తర్వాత నాతో, "ఆడ కుడిదిక్కు నడుపుడు అలవాటయింది గదరా, ఇంకా పోతలేదు," అన్నాడు. షార్జాలో బండ్లు కుడివైపు నడుస్తాయన్నది నిజమే. ఆ జవాబు నాకు సరిపోయింది. నిజం చెప్పాలంటే, నాకు సరిపోవాలనే ఉంది. ఫిబ్రవరి సెలవు అర్జీ అప్పటికే రాసి ఉంచుకున్నాను.

ఆసిఫాబాద్‌లో బస్టాండు దగ్గర లాడ్జి. మూడు మంచాల గది తొమ్మిది వందలు, వేడినీళ్లు బకెట్ లెక్కన ఇస్తారు. పొద్దుగూకాక సదానందం, నేను రొట్టెలు తినడానికి బయటికి వెళ్తే గంగాధర్ రాలేదు. కాళ్లు గుంజుతున్నాయన్నాడు. పార్శిల్ తెచ్చాం.

మూడో రోజు ఏడింటికి కదిలి, తొమ్మిదిన్నరకు కెరమెరిలో చాయ్ తాగాం. చాయ్ పోసే ఆయన మా సైకిళ్లను ఎగాదిగా చూసి, "ఘాట్ ఎక్కుతరా గీటి మీద? బస్సు ఉన్నది గద సార్, ఎందుకు పరేషాన్?" అన్నాడు. "వియత్నాం పోతున్నమన్నా, దానికి ప్రాక్టీసు," అని గంగాధర్ గర్వంగా చెప్పాడు. "గదెక్కడ, మహారాష్ట్ర దిక్కా?" అన్నాడాయన. నవ్వుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి మలుపుల దగ్గర లారీ వస్తే ఆగి దారివ్వాలి. మిగతాదంతా నెమ్మదిగా, చిన్న గేరులో, నీళ్లు తాగుతూ వెళ్తే ఎవరైనా ఎక్కగలరు. మా ముగ్గురిలో గంగాధర్ కాళ్లే గట్టివి. పైకి చేరాక సైకిల్ పక్కన నిలబడి చేతులు రెండూ పైకెత్తి ఫోటో దిగాడు. నేను తీసిన అతని ఫోటోలన్నిట్లోకి అదే మంచిది. మళ్లీ ఎవరికీ పంపలేదు.

అక్కడి నుంచి జైనూరు దాకా రోడ్డు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రెండు పక్కలా పత్తి చేలు, మధ్యమధ్యలో టేకు అడవి. సదానందం సైకిల్ చైను జారింది. "మీరు నడువుర్రి, నేను ఎక్కించుకొని అందుకుంట," అన్నాడు. గంగాధర్ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత, "పోదాం పా," అని తానే ముందు బయలుదేరాడు. మూడు రోజుల్లో అతను అందరికంటే ముందు తొక్కడం అదే మొదలు. నేను ఇరవై గజాల వెనక ఉన్నాను. తెల్లగా విచ్చుకున్న పత్తి మీద ఎండ కళ్లలో పొడుస్తోంది. రోడ్డు కొంచెం దిగుడు మొదలై, ఎదురుగా టేకు చెట్ల నీడలోకి వంపు తిరుగుతోంది.

ఆ నీడలో రోడ్డుకు ఎడమ అంచున ఒక ఆడమనిషి నడుస్తోంది. మాకు వీపు చేసి, మేం వెళ్లే వైపే. ఎర్రచీర, నెత్తి మీద పత్తి మూట. నాకు వంద గజాల ముందు నుంచే కనిపించింది. గంగాధర్ తగ్గిస్తాడనుకున్నాను. తగ్గించలేదు. అరవడానికి నోరు తెరిచాను కూడా. పద్నాలుగేళ్లు ట్రైలర్ నడిపినవాడికి నేను చెప్పాలా అనిపించింది. పక్కకు తప్పుకుంటాడులే అనుకున్నాను. అలా అనుకుంటుండగానే సైకిల్ నీడలోకి వెళ్లిపోయింది, నేరుగా ఆమె మీదికి వెళ్లిపోయింది.

నేను దిగి పరుగెత్తేసరికి ఆమె రోడ్డు అంచున కంకర మీద ఒక పక్కకు పడి ఉంది. మూట విడిపోయి పత్తి రోడ్డంతా పరుచుకుంది. గంగాధర్ మోకాళ్ల మీద లేచి, చేతులు నేల మీద ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆమె అతనికి రెండు బారల దూరంలో ఉంది. "ఏం తాకిందిరా? తిరుపతీ, ఏం తాకింది?" అని అడిగాడు.

"మనిషిరా," అన్నాను.

ఆ మాట విన్నప్పుడు అతని మొహం ఎలా అయిందో నేను రాయలేను.

ఆమెకు స్పృహ ఉంది. గోండి భాషలో ఎవరినో పిలుస్తోంది. కుడి కాలు బయటికి తిరిగిపోయి ఉంది, కదిలిస్తే కేక పెడుతోంది. చేలలో పత్తి ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆమె పేరు భీంబాయి అని, ఆ వంపు అవతల గూడెం అని, కొడుకు చేను మీద ఉన్నాడని వాళ్లే చెప్పారు. సదానందం వెనక నుంచి వచ్చి చూసి, రోడ్డుకు అడ్డంగా నిలబడి ఒక ఆటోను ఆపాడు. గనిలో దెబ్బలు తిన్నవాళ్లను ఎత్తడం అతనికి తెలుసు. టేకు కర్రలు రెండు తెప్పించి, మా తువ్వాళ్లతో ఆ కాలును కట్టాడు. ఆటో అతను నేను జేబులో చెయ్యి పెట్టడం చూసి, "పైసల ముచ్చట తర్వాత సార్. ముందుగాల కాలు కదలకుంట పట్టుకోర్రి," అన్నాడు. సైకిళ్లు అక్కడే చెట్లకు ఆనించి వదిలేశాం. జైనూరు ఆసుపత్రికి ముప్పావు గంట. ప్రతి గుంతకూ ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. తుంటి ఎముక విరిగిందని అక్కడి డాక్టర్ చూస్తూనే చెప్పి, అంబులెన్సులో ఆదిలాబాద్ పంపించాడు.

మేం ఆదిలాబాద్ చేరుకునేసరికి నాలుగు. భీంబాయి కొడుకు జంగు మా వెనకే మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. చేతులకు ఇంకా పత్తి కాయల గీరుళ్లు ఉన్నాయి. ప్రమాదం కేసు కాబట్టి ఆసుపత్రిలో ఉండే కానిస్టేబుల్ కాగితం తీసి, ఎలా జరిగిందని అడిగాడు. ముందుగా సదానందమే మాట్లాడాడు.

"ఆమె ఒక్కసారే అడ్డమొచ్చింది సార్. దిగుడు గదా, బ్రేకు అందలే."

సదానందం అప్పటికి అక్కడ లేనే లేడు. స్నేహితుణ్ణి కాపాడుకోవాలని అన్నాడు. కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను, "నేను వెనక ఉన్నాను," అన్నాను. అంతే అన్నాను. అది అబద్ధం కాదు. జంగు గోడకు ఆనుకుని మా ముగ్గురినీ చూస్తున్నాడు.

"అట్ల రాయకుండ్రి సార్," అన్నాడు గంగాధర్. అరచేతులకు కట్లున్నాయి, గొంతు సన్నగా ఉంది. "ఆమె అడ్డం రాలే. పక్కకే నడుస్తుండెనట. నాకు కనవడలే. నాకు పక్కలు కనవడయ్. నీడల అస్సలు కనవడది. మూడేండ్లాయె."

కానిస్టేబుల్ రాయడం ఆపాడు. గంగాధర్ మెల్లగా అంతా చెప్పాడు. షార్జాలో లైసెన్సు మళ్లీ రాయించుకునేటప్పుడు కంటి పరీక్షలో తప్పాడు. పెద్ద డాక్టర్‌కు చూపిస్తే, ముందు రేచీకటి, తర్వాత పక్క చూపు, ఆఖరుకు మొత్తం పోతుందని, దానికి మందు లేదని చెప్పాడు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేర మాత్రం కనిపిస్తుంది. ఎండలో బాగానే ఉంటుంది. ఎండలోంచి నీడలోకి వెళ్తే కాసేపు ఏమీ ఉండదు. కంపెనీ బంద్ కాలేదు. ఇతన్నే పంపించేశారు.

"ఇంట్ల చెప్పినవా?" అన్నాడు సదానందం.

"చెప్పలే."

"మాకు చెప్పినవా?"

"చెప్తే తీస్కపోదురా? మొత్తం పోకముందుగాల ఒక్కసారి చూసొస్త అనుకున్న. మధ్యల ఉంటే అయితదనుకున్న. మీరు ముంగట, ఎనుక ఉంటిరి గద."

సదానందం అతని చొక్కా పట్టుకున్నాడు. కొడతాడేమోనని నేను మధ్యలోకి వెళ్లాను. "గనిల దీపం లేకుంటే ఒక్క అడుగు ఎయ్యంరా మేము. అడుగు ఎయ్యం! నువ్వు మూడేండ్లు దీపం లేకుంట రోడ్ల మీద తిరిగినవు. నేను నీ కోసం పోలీసోని ముంగట అబద్ధమాడిన," అని ఏడ్చాడు. గంగాధర్ ఏడవలేదు. కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

గోడకు ఆనుకుని ఉన్న జంగు ముందుకు వచ్చాడు. గంగాధర్‌ను కాదు, మా ఇద్దరినీ అడిగాడు. "కండ్లు లేనోన్ని రోడ్డు మీదికి ఎవలు తోలుకొచ్చిన్రు?" అతను కాసేపు ఎదురుచూసి, వార్డులోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నేను చొప్పదండికి, గంగాధర్ భార్య సుజాతకు ఫోన్ చేశాను. జరిగినదంతా ఆమె విన్నది. తర్వాత, "పొద్దుమూకినంక పొలం కాడికి పోవుడు బంద్ చేసిండన్నా. పాములకు భయపడుతుండనుకున్న. నవ్వినం కూడా," అంది.

కేసు రాసుకున్నారు. భీంబాయికి ఆరో రోజు ఆపరేషన్ చేశారు. సదానందం డ్యూటీకి, నేను బడికి తిరిగి వచ్చేశాం. గంగాధర్ కదల్లేదు. పద్దెనిమిది రోజులు ఆసుపత్రి వరండాలో ఒక దుప్పటి వేసుకుని ఉన్నాడు. జంగు భార్య చంటిబిడ్డ తల్లి, ఆమె రాలేదు. పగలు మందులు, ఎక్స్‌రేలు, భోజనం డబ్బా అన్నీ గంగాధరే తెచ్చేవాడు. చీకటి పడితే మాత్రం అతనికి దారి తెలియదు. నేను రెండో ఆదివారం వెళ్లినప్పుడు పొద్దుగూకుతోంది. వరండా చివర మరుగుదొడ్డి వైపు ఇద్దరు మనుషులు నడుస్తున్నారు. ఒకరి మోచెయ్యి ఇంకొకరు పట్టుకుని ఉన్నారు. దగ్గరికి వచ్చాక చూస్తే జంగు గంగాధర్‌ను నడిపిస్తున్నాడు. అతన్ని దుప్పటి దగ్గర దింపి, జంగు తల్లి దగ్గరికి వెళ్లిపోయాడు. క్షమించాడో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం నాకు లేదు.

వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. వియత్నాం సెలవు అర్జీ చింపేశాను. జనవరి చివరి వారంలో సదానందం ఫోన్ చేసి, "వాళ్ల పత్తి ఇంక చేను మీదనే ఉన్నదట. ఏరేటోళ్లు లేరు. పోదామా?" అన్నాడు. ఈసారి సైకిళ్లు లేవు. బస్సులో ఆసిఫాబాద్, అక్కడి నుంచి జైనూరు బస్సు. కండక్టర్‌కు గూడెం పేరు చెబితే వంపు దగ్గర ఆపుతాడు. గంగాధర్‌ను సుజాత తీసుకొచ్చింది. జంగు మమ్మల్ని రమ్మనలేదు, వద్దనీ అనలేదు. సంచులు తెచ్చి గట్టు మీద పడేశాడు. మూడు రోజులు ఏరాం. గంగాధర్ ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, కొమ్మలు చేత్తో తడుముతూ ఏరేవాడు. మాకంటే నెమ్మదే కానీ అతను దాటిన చెట్టు మీద ఒక్క పత్తి కాయ మిగిలేది కాదు. వేళ్లన్నీ చీరుకుపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం జంగు నన్ను నీళ్ల కోసం ఇంటికి పంపించాడు. భీంబాయి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన నాలుగు కాళ్ల ఊతకర్ర. అది పట్టుకుని ఇంట్లోంచి వాకిట్లోకి మాత్రం రాగలదు. చేను దాకా ఇక నడవలేదని డాక్టర్లు చెప్పేశారు. నన్ను చూసి కూర్చోమంది. నేను నేల మీద కూర్చున్నాను. మంచి నీళ్లు ఇప్పించి, నేను తాగేదాకా ఆగింది.

"సారూ, నా ఎనుకంగ సైకిళ్లు రెండొచ్చినయంట," అంది.

"అవునమ్మా."

"ఒకనికి కండ్లు లేవు. గది ఆయిననే చెప్పిండు. దవఖానల రోజు చెప్పిండు, మందుగోలి ఇచ్చినప్పుడల్ల చెప్పిండు." నా వైపు తిరిగింది. "రొండోది నువ్వే గద. నీకు నేను కనవడ్డనా?"

పోలీసు అడగలేదు. జంగు అడగలేదు. సదానందం, గంగాధర్, నా భార్య, ఎవరూ నన్ను ఈ మాట అడగలేదు.

"కనవడ్డవమ్మా," అన్నాను.

"ఎంత దూరంల?"

"చానా దూరంల."

ఆమె తల ఊపింది. కోపం లేదు. తెలియని సంగతి ఒకటి తెలుసుకుంటున్నట్టు నా మొహంలోకి చూసింది.

"మరి ఒర్రకపోతివి, ఒక్క కేకన్న ఎయ్యకపోతివి?"

నేను తల దించుకున్నాను. వాకిట్లో కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి. కాసేపటికి ఆమె బిందె నింపించి, చేను మీద వాళ్లు దాహంతో ఉంటారు వెళ్లమంది.

గంగాధర్ దాచాడని రెండు నెలలు అతని మీద కోపంగా ఉన్నాను. కోపంగా ఉండటం నాకు తేలికైంది. తెల్లారితే గానీ కదలనన్నాడు, మధ్యలోనే తొక్కాడు, మంచానికి కొట్టుకున్నాడు, మోటర్‌సైకిల్‌ను చూడలేదు. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి. ప్రతిదానికీ ఒక జవాబు వెతికి పెట్టుకున్నాను. ఎందుకంటే ఆ ఫిబ్రవరి నాకు కావాలి. అతని చూపు ఇప్పుడు ఇంకా కుంచించుకుపోయింది. చొప్పదండిలో సుజాత చెయ్యి పట్టుకుని పొలం దాకా వెళ్తాడు. కేసు నడుస్తోంది, వాయిదాలకు నేనూ వెళ్తాను, అడిగితే నేను చూసింది చెబుతాను. భీంబాయి ఈ ఏడు పత్తికి పోలేదు. మేం వియత్నాం చూడలేదు, చూస్తామని ఇప్పుడు ఎవరమూ అనుకోవడం లేదు.

మీలో ఎవరైనా స్నేహితులతో ఇలాంటి యాత్రకు సిద్ధమవుతుంటే ఒక్కటి చెబుతాను. టికెట్లు తీసుకునే ముందు గుంపులో అందరూ కలిసి వెళ్లి కళ్లు పరీక్ష చేయించుకోండి. అక్షరాలు చదివించి వదిలేసేది కాదు, పక్క చూపూ చీకట్లో చూపూ కూడా చూడమని అడగండి. బీపీ, షుగరు అడిగినట్టే ఆ సంగతీ మొహమాటం లేకుండా అడగండి. రోడ్డు మీద వెనక తొక్కేది మీరైతే, ముందున్నవాడు ఎంత గొప్ప డ్రైవరైనా సరే, మీకు కనిపించింది అతనికీ కనిపించే ఉంటుందని అనుకోకండి. అరవండి.